చెయ్యి గిన్నె మీద... మనసెక్కడ?

పొద్దున్న ఏడు గంటలు. కుక్కరు రెండో కూత వేసింది. మూడోది ఎప్పుడు వేస్తుందా అని ఒక చెవి అటు పెట్టాను. పాప యూనిఫారం హుక్కు ఊడింది. పట్టాదారు పాసుపుస్తకం కనబడటం లేదని మా వారు బీరువా ముందు నిలబడ్డారు. ఫోనులో స్కూలు వాట్సాప్ గ్రూపు ఆగకుండా మోగుతోంది. అత్తగారు ఇడ్లీ పళ్లెం ముందు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ చేతిలో షుగరు మాత్ర పెట్టి, నీళ్ల గ్లాసు అందించి లోపలికొచ్చేశాను.

పది నిమిషాల తర్వాత మళ్లీ వెళ్లి ఇంకో మాత్ర పెట్టాను.

ఆవిడ మారు మాట్లాడకుండా మింగేశారు. కోడలు ఇచ్చింది కదా! తొమ్మిదిన్నర అయ్యేసరికి చెమటలు, చేతుల వణుకు, అడిగినదానికి పొంతన లేని జవాబు. మా వారు గబగబా పంచదార నీళ్లు కలిపి తాగించారు. ఆటో మాట్లాడుకుని చోడవరం పరుగెత్తాం. డాక్టరుగారు మాత్రల అట్ట చూపించమన్నారు. లెక్క చూస్తే ఒకటి తక్కువ. ఆ రోజంతా ఆవిడని అక్కడే ఉంచి, గంటగంటకీ షుగరు చూశారు. దేవుడి దయ, గండం గడిచింది.

సాయంత్రం అత్తగారు అన్న మాట ఇది: "నువ్విచ్చేవు, నాను మింగేను. ఏటి మాత్రో నాకేటి తెలుసు?"

ఆవిడ కోపంగా అనలేదు. అదే నన్ను కోసేసింది. ఎంత ఆలోచించినా ఆ రెండో మాత్ర ఇచ్చినట్టు నాకు గుర్తుకు రాలేదు. మర్చిపోయానంటే ఒకప్పుడు తెలిసి ఉండాలి. ఆ సమయంలో నేను అక్కడ లేనే లేను. చెయ్యి ఒక్కటే వెళ్లి ఇచ్చి వచ్చింది.

ఇది చదువుతున్న మీలో ఎంతమందికి ఇలాంటి పొద్దు ఒకటి లేదు? స్టవ్ మీద పాలు పొంగి గిన్నె మాడాక గానీ ఇంట్లో ఉన్నామని తెలియని రోజు?

ఊరంతా చాపలు పరిచిన నెల

మనసుని నిలపాలన్న మాట ఈ మధ్య ఇంట్లోనే కాదు, ప్రపంచమంతటా వినిపిస్తోంది. డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2024 డిసెంబరులో తీర్మానించింది. జూన్ 21న యోగా దినోత్సవం 2015 నుంచి జరుగుతూనే ఉంది. 2025లో ఆ ఉత్సవానికి మన విశాఖపట్నమే వేదికయింది. ప్రధానమంత్రి వచ్చారు. ఆర్కే బీచి నుంచి భోగాపురం దాకా సముద్రం పక్కన చాపలు పరిచారు. అంతకు ముందు నెల రోజులు 'యోగాంధ్ర' పేరుతో రాష్ట్రమంతా శిబిరాలు నడిచాయి.

మా దేవరాపల్లి వైపు కూడా ఆ సందడి వచ్చింది. నేనూ మూడు రోజులు వెళ్లాను. బాగుంది. నిజంగా బాగుంది. తెల్లవారు గాలి, పక్కన తెలిసిన మొహాలు, మన ఒళ్లు మనదేనన్న భావన. నాలుగో రోజు వెళ్లలేకపోయాను. పాలవాడు రాలేదు, పాపకి జ్వరం. ఆ మర్నాడు పక్కింటి వదిన అడిగింది.

"కళ్లు మూసుకుని కూకుంటే నీకేటి కనిపించింది వదినా?"

"ఏం చెప్పమంటావు! ఇడ్లీ పిండి పులిసిందా లేదా అని కనిపించింది," అన్నాను.

"నాకు గేసు బుక్ చెయ్యలేదని గుర్తొచ్చీసింది," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నవ్వుకున్నాం గానీ అందులో ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ధ్యానం నేర్పేవాళ్లు మొదట అడిగేది ఒక నిశ్శబ్దమైన గది, ఎవరూ పిలవని ఇరవై నిమిషాలు. మన ఇళ్లలో గదైనా దొరకొచ్చేమో గానీ, ఎవరూ పిలవని ఇరవై నిమిషాలు ఏవి?

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2019లో ఇదే సర్వేలో ఆడవాళ్లకి 299, మగవాళ్లకి 97. అంటే ఐదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గింది, సంతోషం. మగవాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

పైగా ఇది చేతులు చేసే పని లెక్క. పప్పు నానబోస్తూ రేపటి ఫీజు గుర్తుపెట్టుకోవడం, గుడ్డలు ఆరేస్తూ మరిదిగారింటి పెళ్లికి ఏం పెట్టాలో లెక్క వేసుకోవడం... ఇవన్నీ ఏ గడియారానికి అందుతాయి? ఏలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో 35 జంటలతో మాట్లాడి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంటికి ఏం కావాల్సి వస్తుందో ముందే ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, ఆ తర్వాత అది జరిగిందో లేదో చూసుకోవడం... ఇవి నాలుగూ పనే అన్నారు ఆవిడ. నిర్ణయం దగ్గర భర్త కూడా కూర్చుంటాడట. ముందే ఊహించడం, చివరిదాకా కనిపెట్టుకుని ఉండటం మాత్రం ఎక్కువగా భార్య వంతు. మన వంటింటి గోడకి చెవి ఆనించి రాసినట్టు లేదూ?

మా మండలంలో శారదా నది మీద రైవాడ జలాశయం ఉంది. పొలాలకి నీళ్లు అక్కడివే. విశాఖ నగరానికి తాగునీళ్లూ అక్కణ్ణించే. ఆడదాని బుర్ర కూడా ఒక రైవాడే. ఎవరికి కావలసిన కాలువ వాళ్లు తీసుకుంటారు. లోపల నీరు ఎంతుందని చూసేవాళ్లు తక్కువ.

కొండ మీద బిక్షువులు చేసిన పని

అనకాపల్లి దాటాక శంకరం అనే ఊరుంది. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ పక్కపక్కనే ఉంటాయి. రాతిని తొలిచి స్తూపాలూ గుహలూ చేశారు. 'సంఘారామం' అన్న మాటే నలిగి శంకరం అయిందంటారు. గత శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ తవ్వించాక ఆ బౌద్ధ క్షేత్రం వివరాలు లోకానికి తెలిశాయి. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ కూడా అలాంటివే. ఇవాళ విదేశీ పేరుతో 'మైండ్‌ఫుల్‌నెస్' అని ఫోనులో అమ్ముతున్న సరుకు మూలం ఇలాంటి ఆరామాల్లో బతికినవాళ్ల సాధనలోనే ఉంది.

బౌద్ధులు దాన్ని పాళీ భాషలో 'సతి' అన్నారు. సంస్కృతంలో స్మృతి. అంటే జ్ఞాపకం, ఎరుక. ఈ మాట తెలిసిన రోజున నాకు నవ్వొచ్చింది. వాళ్ల సతి అంటే ఎరుక. మన ఇళ్లల్లో సతి అంటే అందరి జ్ఞాపకాలూ మోసేది!

నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. సతిపట్ఠాన సుత్తంలో ఊపిరిని గమనించడం ఒక్కటే లేదు. నడుస్తున్నప్పుడు, వంగుతున్నప్పుడు, బట్ట కట్టుకుంటున్నప్పుడు, తింటున్నప్పుడు, తాగుతున్నప్పుడు ఆ పని తెలిసి చెయ్యమని ఉంది. కొండ మీద కూర్చున్న బిక్షువులకి కూడా భిక్షాపాత్ర కడుక్కునే పని తప్పలేదు కదా! అంటే పని మానుకుంటేనే ధ్యానం అన్న మాట అసలు వాళ్లది కాదు.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ దీన్ని మతంతో పని లేకుండా ఎనిమిది వారాల శిక్షణగా మార్చారు. నొప్పులతో, ఒత్తిడితో వచ్చే రోగుల కోసం మొదలైంది. మన దగ్గర విపశ్యన శిబిరాలు పది రోజులు మౌనంగా జరుగుతాయి. హైదరాబాదులోని ధమ్మఖేత్త వాటిలో పాతది. వెళ్లగలిగినవాళ్లు తప్పకుండా వెళ్లండి. పది రోజులు ఇల్లు వదల్లేనివాళ్ల సంగతే నేను రాస్తున్నాను.

గిన్నెలతో నా పాఠం

అత్తగారి సంఘటన తర్వాత నేను గిన్నెల దగ్గర మొదలుపెట్టాను. ఎందుకంటే గిన్నెలు తోమేటప్పుడు ఎవరూ దగ్గరికి రారు. వస్తే సాయం చెయ్యాల్సొస్తుందని భయం!

పద్ధతి ఏమీ లేదు. నీళ్లు చల్లగా తగులుతున్నాయి, అది తెలియాలి. పీచు గరగరలాడుతోంది, అది వినాలి. గిన్నె అడుగున మాడిన చోట చెయ్యి ఎంత బలం పెడుతోందో చూడాలి. మొదటి రోజు రెండు గ్లాసులు కడిగేసరికి మనసు చెరకు డబ్బుల మీదికి పోయింది. మళ్లీ గ్లాసు దగ్గరికి తెచ్చాను. ఈసారి పాప లెక్కల మార్కుల మీదికి పోయింది. మళ్లీ తెచ్చాను. చివరికి పప్పుగిన్నె కడిగానో లేదో కూడా గుర్తు లేదు.

విసుగొచ్చి మానేద్దామనుకున్నాను. తర్వాత అర్థమైంది. మనసు పారిపోవడం తప్పు కాదు. పారిపోయిందని తెలిసిందే, ఆ తెలియడమే అభ్యాసం. లేగదూడ తాడు తెంపుకుని పోతే కొడతామా? తెచ్చి కట్టేస్తాం. అంతే.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2,250 మందిని రోజులో ఎప్పుడంటే అప్పుడు ఫోను ద్వారా పలకరించి, 'ఇప్పుడు ఏం చేస్తున్నారు, మీ మనసు ఎక్కడుంది' అని అడిగారు. మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మనసు చేసే పని మీద లేదట. అలా లేనప్పుడు మనుషులు తక్కువ సంతోషంగా ఉన్నారని 2010లో ప్రచురించారు. కాబట్టి ఇది నా ఒక్కదాని జబ్బు కాదు, మీ ఒక్కరిదీ కాదు.

గిన్నెల మీదే ఒక పరిశోధన ఉందంటే నమ్ముతారా? 2015లో ఫ్లోరిడాలో 51 మంది విద్యార్థులతో అంట్లు తోమించారు. సబ్బు వాసన, నీటి వెచ్చదనం, గిన్నె స్పర్శ గమనిస్తూ తోమినవాళ్లలో కంగారు నాలుగో వంతు పైగా తగ్గిందట. 51 మంది అంటే చిన్న లెక్కే. విద్యార్థులు ఒక్క పూట తోమారు, మనం జన్మంతా తోముతున్నాం. అయినా నా మటుకు నాకు మూడు వారాల్లో తేడా తెలిసింది. పని తగ్గలేదు గానీ చేసిన పని చేసినట్టు గుర్తుండటం మొదలైంది.

అత్తగారు ఒక రోజు అరుగు మీంచి కేకేశారు. "ఏటే, గిన్నెతో మాటాడతన్నావేటి?"

"లేదత్తా, వింటున్నాను."

"అది ఏటి సెప్పింది?"

ఆ ప్రశ్నకి అప్పుడు జవాబు లేదు. తర్వాత దొరికింది.

ఎరుక వచ్చాక కనబడింది

మనసు ఎక్కడికి పోతోందో చూడటం అలవాటయ్యాక నాకో ఆలోచన వచ్చింది. పోయిన ప్రతిసారీ ఎక్కడికి పోయిందో రాసుకుంటే? పాత క్యాలెండరు వెనకాల ఒక రోజంతా రాశాను. రాత్రికి ముప్పై ఒకటి తేలాయి. మా వారి ఆధార్ నకలు, ఆడపడుచు సీమంతం, పాప ప్రాజెక్టు అట్ట, మామగారి తద్దినం తేదీ, కరెంటు బిల్లు, అత్తగారి మాత్ర... వాటిలో అచ్చంగా నావి నాలుగే. అందులో ఒకటి ఆరు నెలలుగా సగంలో ఆగిపోయిన కథ.

అప్పుడు తెలిసింది. నా మనసుకి చంచలత్వం అనే జబ్బు లేదు. దాని నెత్తిన నలుగురి మూట ఉంది. మూట మోస్తున్న మనిషికి 'నెమ్మదిగా ఊపిరి తీసుకో' అని చెప్పడం మంచిదే. కానీ మూట దించకుండా ఎంతకాలం చెబుతారు?

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ఈ రోజుల్లో ఉద్యోగం చేసేచోట పని భారం పెంచి, ధ్యానం క్లాసు పెడతారు. ఇంట్లో భారమంతా మన మీద వేసి, 'నీకు సహనం తక్కువ, యోగా చెయ్యి' అంటారు. ఎరుక అంటే సహించడం నేర్పే మందు కాదు. ఉన్నది ఉన్నట్టు చూడటం. చూశాక నోరు విప్పడం కూడా అందులో భాగమే. తాగొచ్చి కొట్టే మొగుడున్న ఇంట్లో 'ఊపిరి గమనించు' అనడం సలహా కాదు, అన్యాయం. అక్కడ కావలసింది అండ, చట్టం.

ఆ క్యాలెండరు కాగితం నేను మా వారి ముందు పెట్టాను. గొడవ పడలేదు. "వీటిలో మీరు తీసుకునేవి ఏవో గీత గీయండి," అన్నాను. చాలాసేపు చూశారు. "ఇన్నా!" అన్నారు. ఆ ఒక్క మాట నాకు పది ధ్యానాల పెట్టు. అయిదింటికి గీత గీశారు. తర్వాత అందులో రెండు మళ్లీ నా దగ్గరికే వచ్చాయనుకోండి, అది వేరే కథ.

మాత్రల పని మాత్రం వెనక్కి రాలేదు. ఏడు రోజులకీ ఏడు గదులున్న ప్లాస్టిక్ డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. ఆదివారం మా వారు నింపుతారు. రోజూ తీసుకునేది అత్తగారే. ఆవిడకి చదువు రాదు, గదులు లెక్కపెట్టుకుంటారు. ఖాళీ అయిన గది చూపించి, "ఈయేల్టిది అయిపోనాది. మళ్లీ తెచ్చీకు," అని నాకే హెచ్చరిక! ఇన్నాళ్లూ ఆవిడ మందు ఆవిడ చూసుకోలేరని నేనే అనుకున్నాను. ఆవిడని ఎవరూ అడగలేదు, అంతే. నా చేతిలో ఆవిడ ప్రాణం పెట్టి కూర్చోవడం కంటే ఈ డబ్బా ఆవిడకి ఎంత ధైర్యమో మొహం చూస్తే తెలుస్తుంది.

ఎంతవరకు నమ్మొచ్చు?

ఏ మందయినా అందరికీ ఒకేలా పనిచెయ్యదు. 2022లో అమెరికాలో ఆందోళన జబ్బు ఉన్న 276 మందిలో కొందరికి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ, కొందరికి ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర ఇచ్చి చూశారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. అదే ఏడాది ఇంగ్లండు తదితర ప్రాంతాల్లో 84 పాఠశాలలు తీసుకుని, వాటిలో కొన్నింటిలో పిల్లలకి దీన్ని పాఠంగా నేర్పి చూస్తే, మామూలు పాఠాల కంటే ఎక్కువ మేలు ఏమీ కనబడలేదు. కష్టపడి వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి పనిచేసింది, పీరియడ్ పెట్టి కూర్చోబెట్టిన పిల్లలకి పనిచెయ్యలేదు. ఇది నాకు సబబుగానే తోస్తుంది.

ఇంకో సంగతి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, బతుకు మీద విరక్తి రెండు వారాలు దాటి ఉంటే అది గిన్నెలతో తీరేది కాదు. కొందరికి కళ్లు మూసుకుంటే పాత భయాలు పెరుగుతాయి కూడా. అలాంటప్పుడు బలవంతంగా కూర్చోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో పది శాతానికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్లలో చాలామంది వైద్యం వరకు రావడమే లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకి ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. వంటింటి తలుపు వెనక రాసి పెట్టుకోండి.

నేను చేసి చూసినవి

రోజుకి ఒక్క పని ఎంచుకోండి. అంట్లో, ముగ్గో, పాప జడో. ఆ ఒక్కటీ తెలిసి చెయ్యండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే అది కూడా ముప్పై రెండో మూట అవుతుంది.

మందు, గ్యాసు, తాళం. ఈ మూడింటి దగ్గర మాత్రం పైకి అనండి. "గ్యాసు కట్టేశాను." చెవి విన్నది మనసు మర్చిపోదు.

పడుకునే ముందు రేపటి పనులు కాగితం మీద పెట్టండి. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం వారు 57 మంది యువతీయువకులతో 2018లో చేసిన పరిశోధనలో, అయిదు నిమిషాలు అలా రాసుకున్నవాళ్లకి సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టింది. కాగితం గుర్తుపెట్టుకుంటుంది, మీరు పడుకోండి.

తినేటప్పుడు మొదటి ముద్ద ఒక్కటి కూర్చుని తినండి. మనలో చాలామందికి మన కూరలో ఉప్పు ఎంతుందో వేరేవాళ్లు చెబితేగానీ తెలియదు!

వారానికోసారి ఆ కాగితం ఇంట్లో అందరి ముందూ చదవండి. ఎవరి మూట వాళ్లకి చూపించండి.

మొన్న సంక్రాంతికి ముగ్గు పెడుతుంటే అత్తగారు అరుగు మీద కూర్చుని చుక్కలు లెక్కపెడుతున్నారు. ఎప్పుడూ లేనిది, ఒక్క చుక్క తప్పలేదు నాకు. "బాగొచ్చింది గానీ, గిన్నె ఏటి సెప్పిందో నాకు సెప్పనేదు నువ్వు," అన్నారు. ఆవిడ మర్చిపోలేదు!

"నీ పని నువ్వు చెయ్యి, మిగతావి ఎవరివి వాళ్లకి ఇచ్చేయ్ అని చెప్పిందత్తా," అన్నాను.

ఆవిడ మాత్రల డబ్బా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "నాది నా కాడే ఉంది," అన్నారు.

ఇంతకీ... ఈ పూట మీ ఇంట్లో మాత్ర ఎవరిచ్చారు? ఇచ్చినట్టు మీకు గుర్తుందా?